లైఫ్‌టైమ్ అంటే ఎవరి లైఫ్, మాస్టారూ?

ప్రశ్న: నరసన్నపేట దగ్గర ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి. వయసు 57. మా నాన్నగారి హరికథల క్యాసెట్లు ఈమధ్యే డిజిటల్ చేయించాను, పాత ఫొటోలు స్కాన్ చేయించాను. అమ్మాయి పెళ్లి వీడియో స్టూడియో వాళ్లు హార్డ్ డిస్కులో ఇచ్చారు. ఇంట్లో రెండు ఫోన్లు. అన్నీ కలిపి 640 జీబీ. ఒక విదేశీ కంపెనీ 2 టీబీ (సుమారు 2,000 జీబీ) క్లౌడ్ స్టోరేజీని, అంటే ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకునే చోటుని, లైఫ్‌టైమ్ ప్లాన్ కింద రూ.34,000కి ఇస్తోంది. ఒక్కసారి కడితే చాలట. ఆఫర్ మూడు రోజులే. ఇప్పటికి క్రెడిట్ కార్డు మీద కట్టేసి, వచ్చే నెల మెచ్యూరయ్యే ఫిక్స్‌డ్ డిపాజిట్ డబ్బుతో సర్దేద్దామనుకుంటున్నాను. సరేనా? ఆ క్యాసెట్లు ఇంక పారేయొచ్చా?

జవాబు: మాస్టారూ, ముందు ఆ మూడు రోజుల టెన్షన్ వదిలేయండి. ఈ కంపెనీలు నవంబరులో బ్లాక్ ఫ్రైడే అంటాయి, తర్వాత క్రిస్మస్ అంటాయి, కొత్త సంవత్సరం అంటాయి, మధ్యలో కంపెనీ పుట్టినరోజు అంటాయి. పేజీ మీద ఆ గడియారం తిరుగుతూనే ఉంటుంది. మన ఆషాఢం సేల్ నయం, నెలకైనా అయిపోతుంది.

ఇక లెక్క. రూ.34,000 అన్నది మొదటి పేజీలో కనిపించే ధర. బయటి దేశం కంపెనీ మనలాంటి మామూలు ఖాతాదారుకి ఇలాంటి సేవ అమ్మితే 18 శాతం జీఎస్టీ వేయాలి. కొందరు ధరలోనే కలిపి చూపిస్తారు, కొందరు చివరి పేజీలో కలుపుతారు. మీకు చూపించినది పన్ను కలపని ధరయితే అక్కడికే 40,120 అయింది. విదేశీ చెల్లింపు కాబట్టి చాలా కార్డులు 2 నుంచి 3.5 శాతం దాకా మార్కప్ అనే అదనపు రుసుము వేస్తాయి, ఆ మార్కప్ మీద మళ్లీ జీఎస్టీ. మొత్తం 42 వేల దగ్గర తేలుతుంది. డిపాజిట్ చేతికొచ్చేది కార్డు బిల్లు గడువు దాటాక అయితే, ఆ వడ్డీ సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఇంతే చోటు ఏడాదికింత అని అద్దెకి తీసుకుంటే? గూగుల్ అద్దెకిచ్చే క్లౌడ్ గూగుల్ వన్‌లో నేను చూసినప్పటికి 2 టీబీకి ఏడాదికి రూ.6,500. ఆ 42 వేలు బ్యాంకులో 6.5 శాతానికి ఉంచి, అందులోంచే ఏటా అద్దె కట్టుకుంటూ పోతే దాదాపు 8 ఏళ్లు వస్తుంది. అంటే మీకు 65 వచ్చేదాకా లైఫ్‌టైమ్ ప్లాన్‌లో లాభం మొదలే కాదు. అప్పటిదాకా ఆ కంపెనీ నిలబడుతుందన్నది మీరు వేస్తున్న పందెం.

పందెం అని ఊరికే అనలేదు. మీ డిపాజిట్ ఉన్న బ్యాంకు మూతబడినా 5 లక్షల దాకా బీమా ఉంది. ఎల్ఐసీ పాలసీకి పైన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఉంది. ఈ 34 వేలకి వెనక ఎవరున్నారు? కంపెనీ దివాలా తీస్తే మీరు అప్పులవాళ్ల వరసలో చిట్టచివర, అదీ ఇంకో దేశంలో, నిలబడాలి. ఊళ్లో ఎవరైనా వచ్చి "పదేళ్ల పాలడబ్బులు ముందే ఇచ్చేయండి మాస్టారూ, జన్మంతా పోస్తాను" అంటే మీరు ముందు ఆయన గేదెల్ని చూస్తారు, ఆయన వయసు చూస్తారు. ఇక్కడా అంతే. మీ డబ్బు ఒక్కసారే వస్తుంది. మీ ఫైళ్లు దాచడానికి వాళ్లకి ఖర్చు ఏటా అవుతుంది. కొత్తవాళ్లు చేరుతున్నంతకాలం బండి నడుస్తుంది.

లైఫ్‌టైమ్ అంటే ఎవరి లైఫ్ అన్నది నిబంధనల్లో రాసి ఉంటుంది, చదివేవాళ్లే తక్కువ. ఈ రంగంలో పేరున్న పీక్లౌడ్ 2013లో మొదలైన స్విట్జర్లాండ్ కంపెనీ. వాళ్ల ప్రకారం లైఫ్‌టైమ్ అంటే 99 ఏళ్లు లేదా ఖాతాదారు బతికున్నంత కాలం, ఏది తక్కువైతే అది. కనీసం వాళ్లు దాచకుండా రాశారు. మీరు హరికథలు దాస్తున్నది మనవల కోసం. ఖాతా మీతోనే ముగిసిపోయేటట్టయితే ఆ కొనుగోలుకి అర్థమేముంది? మీకొచ్చిన ఆఫర్‌లో ఈ ముక్క ఎలా రాశారో చూడండి. ఎక్కడా రాయకపోతే అది ఇంకా అనుమానించాల్సిన విషయం.

పెద్ద కంపెనీలైతే మాట తప్పవా అంటే, తప్పుతాయి. మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్‌లో అన్‌లిమిటెడ్ అని ఇచ్చి 2015లో తీసేసింది. గూగుల్ ఫొటోస్‌లో పరిమితి లేని ఉచితం 2021 జూన్ 1తో ఆగింది. అమెజాన్ డ్రైవ్ 2023 డిసెంబరు 31న ఏకంగా మూతబడింది. ఇవేవీ లైఫ్‌టైమ్ ప్లాన్లు కావు. అందుకే జనం ఫైళ్లు దింపుకుని వేరేచోటికి వెళ్లారు, పోయింది మహా అయితే ఆ ఏడాది అద్దె. అద్దె ఇంట్లో ఉన్న సుఖం అదే.

ఇప్పుడు మీ 640 జీబీ విప్పి చూద్దాం. పెళ్లి వీడియో ఒక్కటే 400 జీబీ పైన ఉంటుందని నా అంచనా, ఎందుకంటే స్టూడియో వాళ్లు ఎడిట్ చేయని ఫుటేజీ మొత్తం డిస్కులో పోసి ఇస్తారు. వంటవాళ్లు పప్పు కలుపుతున్న నలభై నిమిషాలు కూడా అందులో ఉంటాయి. ఎడిట్ చేసిన మూడు గంటల వీడియో, ఆల్బమ్ ఫొటోలు క్లౌడ్‌లోకి వెళ్తే చాలు. మిగతాది డిస్కులోనే ఉండనివ్వండి. రెండు ఫోన్లలోంచి వాట్సాప్ గుడ్ మార్నింగులు, ఒకే ఫొటో నాలుగు గ్రూపుల్లోంచి వచ్చిన నాలుగు కాపీలు తీసేయండి. మా ఆవిడ ఫోన్‌లో 118 జీబీ ఉంటే ఒక ఆదివారం కూర్చున్నాం, సాయంత్రానికి 47కి దిగింది. దేవుడి బొమ్మలు డిలీట్ చేయడానికి ఆవిడ ఒప్పుకోలేదు గానీ లేకపోతే ఇంకా దిగేది.

ఈ లెక్కన మీకు నిజంగా కావాల్సింది 200 జీబీ లోపే. దానికి గూగుల్‌లో నేను చూసినప్పటికి ఏడాదికి రూ.2,100. అదే 42 వేలు డిపాజిట్‌గా ఉంచితే 6.5 శాతానికి వచ్చే వడ్డీ రూ.2,730. మీరు 20 శాతం పన్ను శ్లాబులో ఉన్నారనుకున్నా చేతికి రూ.2,160 దాకా మిగులుతుంది. వడ్డీయే అద్దె కడుతుంది, అసలు మీ పేరు మీదే ఉంటుంది, మీ తర్వాత నామినీకి వెళ్తుంది. రేపు అద్దె పెరగొచ్చు, వడ్డీ తగ్గొచ్చు, ఏటా ఐదారు వందలు మీ జేబులోంచి పడొచ్చు. పడనివ్వండి.

కాబట్టి డిపాజిట్ రెన్యూ చేయండి, లైఫ్‌టైమ్ వద్దు. ఇదే ప్రశ్న ఏ ఫొటో స్టూడియో అతనో, ఒకటిన్నర టీబీ నిజంగా ఉన్నవాడో అడిగితే నా జవాబు వేరుగా ఉండేది. పదేళ్లకి పైబడిన కంపెనీ అయితే, పోయినా నిద్రపట్టే డబ్బయితే, రెండో కాపీ కింద తీసుకోవచ్చు అనేవాణ్ణి. ఒకే ఒక్క కాపీ పెట్టుకోవడానికి మాత్రం ఎవరికీ చెప్పను.

కాపీల మాట వచ్చింది కాబట్టి ఒక అనుభవం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి వజ్రపుకొత్తూరు వైపు మా అత్తగారింటి పైకప్పు రేకులు లేచిపోయాయి. తెల్లారి చూస్తే బీరువా కింది అర నిండా నీళ్లు. పెళ్లి ఆల్బమ్ పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. విడదీయబోతే మా మామగారి ముఖం అవతలి పేజీకి అతుక్కుని వచ్చేసింది. ఆ ఫొటోలే స్కాన్ చేసి పెట్టిన హార్డ్ డిస్కు కూడా, జాగ్రత్త అని, ఆల్బమ్ పక్కనే పెట్టాం. ప్లాస్టిక్ కవరులో చుట్టినా తడిసింది. ఒకే బీరువాలో ఉన్న రెండు కాపీలు ఒక్క కాపీ కిందే లెక్క అని ఆ రోజు అర్థమైంది.

అందుకని మీరు రెండు హార్డ్ డిస్కులు పెట్టుకోండి. స్టూడియో ఇచ్చినది ఒకటి ఉంది, ఇంకొకటి కొనండి. 640 జీబీ మొత్తం రెండింటిలోకీ ఎక్కించి, ఒకటి మీ ఇంట్లో, ఒకటి అమ్మాయి దగ్గర. పండక్కి వచ్చినప్పుడు మార్చుకోండి, అప్పుడే ఒకసారి తెరిచి చూడండి. ఐదేళ్లు దాటిన డిస్కుని నమ్మొద్దు. ముఖ్యమైన 200 జీబీ క్లౌడ్‌లో. ఎక్కించేటప్పుడు ఓపిక పట్టాలి: అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ (సెకనుకి 10 మెగాబిట్లు) వస్తే 200 జీబీకి ఆగకుండా దాదాపు రెండు రోజులు పడుతుంది. ఒక జాగ్రత్త, గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన ఫొటోని యాప్‌లో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోంచి కూడా పోతుంది. శుభ్రం చేసే పని డిస్కులోకి కాపీ అయ్యాకే మొదలుపెట్టండి.

గూగుల్ ఖాతా సెట్టింగుల్లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంటుంది. అందులో అమ్మాయి పేరు పెట్టండి. మీరు పెట్టిన గడువు, మూడు నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఏదైనా, ఖాతా వాడకుండా ఉండిపోతే ఫైళ్లు తనకి అందుతాయి. పది నిమిషాల పని, రూపాయి ఖర్చు లేదు.

క్యాసెట్లు పారేయకండి. డిజిటల్ చేసిన షాపు అతను ఏ మిషన్ మీద ఎక్కించాడో, ఏ వైపు సగంలో ఆగిపోయిందో మీరింకా మొత్తం విని ఉండరు. సెలవుల్లో ఒక్కో క్యాసెట్ పక్కన పెట్టుకుని వినండి, చివరి మంగళహారతి దాకా ఉందని తేలిన దాని మీద టిక్ పెట్టండి. టిక్ పడినవి కూడా అట్టపెట్టెలో వేసి అటక మీద కాకుండా, కాస్త పొడిగా ఉన్నచోట పెట్టండి.