‘గెట్’ పక్కన ఏముందో చూడండి

ప్రశ్న: ఇంగ్లిష్‌లో ‘గెట్’ అంటే పొందడం అని నేర్చుకున్నాం. ‘ఇట్ ఈజ్ గెట్టింగ్ డార్క్’, ‘వి గాట్ హోమ్ లేట్’ లాంటి వాక్యాల్లో ఆ అర్థం పొసగడం లేదు. ఎక్కడ ఏ అర్థమో ఎలా తెలుస్తుంది?

జవాబు: గెట్ తర్వాతి మాటే చాలావరకు అర్థాన్ని తేల్చేస్తుంది. నామవాచకం ఉంటే అందడం, దొరకడం, తెచ్చుకోవడం: ‘ఐ గాట్ ఎ లెటర్’. చోటు ఉంటే చేరడం: ‘వి గాట్ టు ది స్టేషన్’. ఇక్కడ ‘టు’ తప్పనిసరి, కానీ హోమ్, హియర్, దేర్ ముందు రాదు.

విశేషణం ఉంటే ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారడం. చీకటి పడుతోందన్న మీ వాక్యం ఇదే. తెలుగువాళ్ళు ఎక్కువగా తడబడేదీ ఇక్కడే. మనకు కోపం వస్తుంది, నిద్ర వస్తుంది. ఆ ‘వచ్చు’ను గెట్ చేసి ‘ఐ గాట్ యాంగర్’, ‘ఐ యామ్ గెట్టింగ్ స్లీప్’ అనేస్తాం. గెట్ పక్కన కోపం, నిద్ర అనే పేర్లు కాదు, వాటి విశేషణాలు ఉండాలి: ‘ఐ గాట్ యాంగ్రీ’, ‘ఐ యామ్ గెట్టింగ్ స్లీపీ’. ఇప్పుడు తలనొప్పిగా ఉంటే ‘ఐ హ్యావ్ ఎ హెడేక్’ అనాలి. ‘ఐ గెట్ హెడేక్స్’ అంటే తరచూ వస్తుంటుందని. డాక్టరు దగ్గర ఈ తేడా ముఖ్యం.

ప్రశ్న: ‘ఐ కట్ మై హెయిర్’ తప్పా?

జవాబు: వ్యాకరణం సరే, కానీ కత్తెర మీరే పట్టారని అర్థం వస్తుంది. తెలుగులో క్షవరం ఎవరు చేసినా ‘జుట్టు కత్తిరించుకున్నాను’ అంటాం కాబట్టి ఈ పొరపాటు సహజం. వేరొకరి చేత చేయించుకుంటే గెట్, ఆ తర్వాత వస్తువు, చివర క్రియ మూడో రూపం, ఇదే వరుసలో: ‘ఐ గాట్ మై హెయిర్ కట్’, ‘ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్’. చేసిన మనిషిని చెప్పాలంటే ‘టు’ కావాలి: ‘ఐ గాట్ హిమ్ టు సైన్ ఇట్’. దీనిలో ఒప్పించి చేయించానన్న ఛాయ ఉంటుంది. ‘మేడ్’ వాడితే ‘టు’ పోతుంది, బలవంతం ధ్వనిస్తుంది: ‘ఐ మేడ్ హిమ్ సైన్ ఇట్’.

ప్రశ్న: ‘ఐ హ్యావ్ గాట్ ఎ కార్’ భూతకాలమా?

జవాబు: కాదు. ఇప్పుడు కారు ఉందని అర్థం. అలాగే ‘ఐ హ్యావ్ గాట్ టు గో’ అంటే వెళ్ళాలి. అమెరికాలో వినిపించే ‘గాటన్’ కూడా గెట్ మూడో రూపమే; దాన్ని సంపాదించడం, మారడం అనే అర్థాల్లో వాడతారు. ఉండటం అనే అర్థంలో వాళ్ళూ ‘గాట్’ అనే అంటారు. అందుకే అమెరికన్ నోట ‘ఐ హ్యావ్ గాటన్ ఎ కార్’ వింటే కారు సంపాదించుకున్నాడని అర్థం చేసుకోండి. దరఖాస్తుల్లో, ఆఫీసు లేఖల్లో మాత్రం గెట్ బదులు రిసీవ్, అబ్టైన్, బికమ్ రాయడమే మేలు.