చిన్నాకి, స్మోకర్ సంగతి

చిన్నా,

పెరట్లో ఆఫ్‌సెట్ స్మోకర్, అదే నిప్పు పక్కపెట్టెలో ఉండి పొగతో మాంసం ఉడికించే పొయ్యి, కట్టబోతున్నావనీ, అందుకోసం పాత ప్రొపేన్ ట్యాంకు తెచ్చి గ్యారేజీలో పెట్టావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వెల్డింగ్ నేర్చుకున్నావంటే మురిసిపోయాను. ట్యాంకు మాట విన్నాక అన్నం సయించలేదు.

ముందు దాన్ని బయట పెట్టు. ఖాళీ ట్యాంకంటే ఖాళీ కాదురా. లోపల గోడలకి పట్టిన జిడ్డులోంచి గ్యాసు ఊరుతూనే ఉంటుంది, గ్రైండర్ రవ్వ ఒక్కటి చాలు. ఇత్తడి వాల్వు నీలిపచ్చగా మారిందంటే ఎప్పుడో అమ్మోనియా పోశారన్నమాట, ఆ వాల్వు జోలికే పోకు. నా మాట విని 20 అంగుళాల వ్యాసం, పావు అంగుళం మందం, 40 అంగుళాల పొడవున్న కొత్త స్టీలు పైపు కొనుక్కో. 175 పౌండ్లుంటుంది, ఒక్కడివే ఎత్తకు. గాల్వనైజ్డ్, అంటే జింకు పూతున్నది, వద్దు, వెల్డింగ్ వేడికి జింకు పొగై జ్వరం తెప్పిస్తుంది. జిడ్డు తుడవడానికి బ్రేక్ క్లీనర్ అసలొద్దు. క్లోరిన్ ఉన్న రకమైతే వెల్డింగ్ ఆర్క్ మెరుపు దగ్గర ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. అసిటోన్ చాలు, అదీ పూర్తిగా ఆరాకే ఆర్క్ వెయ్యి.

కాళ్ళు, చక్రాలు, మాంసం పెట్టే జాలీ నీకు తెలిసినవే. తలుపు మాత్రం ఒకేసారి కొయ్యకు. పైపులో బిగువుంటుంది, కోయగానే విచ్చుకుని తలుపు మళ్ళీ కూర్చోదు. బందుల వైపు ముందు కోసి, బందులు వెల్డ్ చేసి, ఆ తర్వాతే మిగతా మూడు వైపులా కొయ్యి.

మా పెరట్లో జామచెట్టు కింద తుప్పుపడుతున్న పాత స్మోకర్ డబ్బా గుర్తుందా? దాని జబ్బు ఊపిరాడకపోవడం. నిప్పుపెట్టెకీ మాంసం గదికీ మధ్య 4 అంగుళాల గొట్టం, పైన 3 అంగుళాల పొగగొట్టం. చిన్న దారైతే సెగ బయటికి పోదని లెక్క. నిప్పుకి గాలందదు, కట్టె మండకుండా కమురుతుంది, తెల్లటి చిక్కటి పొగ లేస్తుంది. ఆ పొగ చల్లబడి మూతలోపల నల్లటి జిగురై మాంసం మీద కారుతుంది. తింటే చేదు, నాలుక మొద్దుబారుతుంది. వేడి చాలలేదని ఇంకో కట్టె వేస్తే ఇంకాస్త కమురు. గాలి కోసం నిప్పుపెట్టె తలుపు తీస్తే ఈ చివర మాడుతుంది, ఆ చివర ఉడకదు. అమ్మమ్మ కట్టెలపొయ్యికి నోరు అంత వెడల్పు ఎందుకుండేదో అనుకుంటే ఇది ముందే తట్టాల్సింది.

నీ పైపు లోపలి చోటు దాదాపు 12,000 ఘనపుటంగుళాలు. నిప్పుపెట్టె అందులో మూడోవంతుకి తగ్గకూడదు. నాలుగు వైపులా 18 అంగుళాల పెట్టె కట్టు, కాస్త పెద్దదైనా నష్టం లేదు. రెంటి మధ్య దారి పైపు అడుగున 4 అంగుళాల ఎత్తు చంద్రవంకలా కొయ్యి, దాదాపు 44 చదరపు అంగుళాలొస్తుంది. జాలీ పైపు నడిమికి పెడితే సెగకీ మాంసానికీ 6 అంగుళాల ఎడముంటుంది. గాలి లోపలికొచ్చే రంధ్రాలన్నీ కలిపి 20 చదరపు అంగుళాలు ఉండనీ. పొగగొట్టం 5 అంగుళాల వెడల్పు, 30 అంగుళాలకి పైన ఎత్తు, మొదలు జాలీ మట్టానికి. దాని మూత ఎప్పుడూ బార్లా తెరిచే ఉంచు. వేడిని మూతతో కాదు, కట్టెల సైజుతో దిద్దుకోవాలి. మణికట్టు లావు పోస్ట్ ఓక్ చెట్టు కట్టె చీలికలు, ఏడాది ఆరినవి, ముప్పావుగంటకొకటి. జాలీ దగ్గర 250 ఫారన్‌హీట్ నిలవాలి. పొగ సన్నగా నీలంగా, కనపడీ కనపడనట్టుంటే సరిగ్గా ఉన్నట్టు.

రంగు బయటే వెయ్యి. లోపల నూనె రాసి, మాంసం లేకుండా మూడు గంటలు కాల్చు. వానొచ్చినా సరే గ్యారేజీలో మాత్రం వెలిగించకు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు. నీకు నిద్రొస్తోందనుకుంటావు, అంతే.

మొదటిసారి బ్రిస్కెట్, అదే గొడ్డు రొమ్ముమాంసం, జోలికి పోకు, చికెన్ కాళ్ళతో మొదలుపెట్టు. మీ అత్తయ్య కారం, అల్లంవెల్లుల్లి కలిపిన పొడి డబ్బాలో పెట్టి పంపుతోంది.

ట్యాంకు ఎవరిచ్చారో వాళ్ళకి తిరిగిచ్చేసి ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా ఎత్తుతాను.

మీ మావయ్య