వరసగా ఓడిపోతున్న కాలేజ్ ఫుట్‌బాల్ కోచ్ మీద ఫ్యాన్స్‌కి మళ్ళీ నమ్మకం రావాలంటే ఏం చేయాలి?

మిగతా జవాబులన్నీ చదివాకే రాస్తున్నా. ఒకాయన రైవల్రీ గేమ్ (చిరకాల ప్రత్యర్థితో ఆట) ఒక్కటి గెలిస్తే చాలన్నారు, ఇంకొకాయన కోఆర్డినేటర్‌ని (హెడ్ కోచ్ కింద పనిచేసే కోచ్‌ని) పీకేయాలన్నారు, ఒకావిడ ప్రెస్‌మీట్‌లో నిజాయితీగా మాట్లాడితే ఫ్యాన్స్ కరిగిపోతారంది. ఏవీ కాదండీ. లావుపాటి కుర్రాళ్ళని తెచ్చుకోవాలి. ఒక్కొక్కడు మూడొందల పౌండ్లుండే లైన్‌మెన్‌ని (అమెరికన్ ఫుట్‌బాల్‌లో ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్ళతో తలపడేవాళ్ళు), హైస్కూల్ నుంచే ఏరుకుని, ఒకే ఏడాది అరడజను మందికి తక్కువ కాకుండా. నవ్వకండి, ఎందుకో చెప్తా.

మాది గుడివాడ, ఉండేది ఆస్టిన్‌లో. యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో ఎంఎస్‌కి వచ్చినప్పుడు ఇక్కడ కోచ్ చార్లీ స్ట్రాంగ్. అంటే ఈ టీమ్ ఏడుపు అంతా నా కళ్ళముందే జరిగింది. మూడేళ్ళలో 16 గెలిచి 21 ఓడాడు ఆయన, 2016లో కాన్సస్ చేతిలో ఓవర్‌టైమ్‌లో 24-21 ఓడిపోయాక పంపించేశారు (కాన్సస్ చేతిలో టెక్సస్ ఓడిపోవడం 1938 తర్వాత అదే మొదటిసారి, మా ల్యాబ్‌లో ఆ వారమంతా ఎవడూ ఎవడి మొహం చూడలేదు). ఆ తర్వాత టామ్ హెర్మన్, నాలుగేళ్ళు, ఆయన చెడ్డగా ఏం ఆడించలేదు పాపం, అయినా 2021 జనవరిలో ఆయన్ని తీసేసి ఆ రోజే స్టీవ్ సార్కీసియన్‌ని తెచ్చారు. అప్పట్లో ఏటా యాభై లక్షల డాలర్ల పైచిలుకు జీతం. మా ఆయనకి క్రికెట్ తప్ప ఇంకోటి పట్టదు, "ఓడితే కోచ్‌ని తిడతారేంటే, ఆడేది కుర్రాళ్ళు కదా" అని అమాయకంగా అడిగాడు. కాలేజ్ ఫుట్‌బాల్‌లో కుర్రాళ్ళ ఇళ్ళకెళ్ళి వాళ్ళ అమ్మానాన్నల్ని ఒప్పించి తెచ్చేదీ కోచే, తినబెట్టి కండలు పెంచేదీ ఆయన మనుషులే, గేమ్‌లో ప్రతి ప్లే (ఒక్కో ఎత్తుగడ) ఏదో చెప్పేదీ కొన్ని చోట్ల ఆయనే, ఇంక తిట్లు మాత్రం ఎవరికి పోతాయి.

సరే, అసలు సంగతికి వస్తా. 2021 నవంబర్ 13, శనివారం రాత్రి, కాన్సస్ వచ్చింది మా స్టేడియానికి. అప్పటికి కాన్సస్ ఆ సీజన్‌లో గెలిచింది ఒకటే ఒకటి, ఓడింది ఎనిమిది. 2008 తర్వాత బిగ్ 12 లీగ్‌లో (అప్పుడు మేమూ అందులోనే) బయట గ్రౌండ్‌లో ఒక్క గేమ్ కూడా గెలవలేదు, వరసగా 56 ఓటములు. మాకూ అప్పటికే నాలుగు వరస ఓటములు, కానీ ఇది కాన్సస్ కదా, ఊపిరి పీల్చుకోవచ్చు అనుకుని ఇద్దరు ఫ్రెండ్స్‌ని కూడా లాక్కెళ్ళా. వాళ్ళకి అది మొదటి గేమ్. పార్కింగ్‌కి నలభై డాలర్లు పెట్టి, అక్కడినుంచి మైలున్నర నడిపించి మరీ తీసుకెళ్ళా, ఇప్పటికీ ఆ నలభై డాలర్ల గురించి దెప్పుతారు.

మా సీట్ల పక్కన ఎప్పుడూ ఒక పెద్దావిడ కూర్చుంటారు. 1969లో టెక్సస్ నేషనల్ ఛాంపియన్ అయినప్పుడు ఆవిడ ఇక్కడ స్టూడెంట్. ఇక్కడ ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టే పిలుస్తారు, నాకు మాత్రం నోరు రాక "మ్యామ్" అంటుంటా, టెక్సస్‌లో అది చెల్లుతుంది కాబట్టి సరిపోయింది. ఆవిడ బంతి వైపు చూడరు. బైనాక్యులర్స్ పెట్టుకుని ఆఫెన్సివ్ లైన్ (బంతి మన చేతిలో ఉన్నప్పుడు ముందు నిలబడి కాచేవాళ్ళు) ఐదుగురినే చూస్తారు గేమ్ అంతా. మొదట్లో నాకు పిచ్చిగా అనిపించేది.

హాఫ్‌టైమ్‌కి స్కోరు కాన్సస్ 35, టెక్సస్ 14. తప్పు టైప్ చేయలేదు, కాన్సస్సే 35. స్టేడియంలో బూ అనడం మొదలైంది, మా ముందు వరసలో కుటుంబం మొత్తం పిల్లల్ని చంకనేసుకుని వెళ్ళిపోయారు, నా ఫ్రెండ్ ఒకతను నాచోస్ తింటూ "వీళ్ళు మంచి టీమ్ అన్నావ్ కదా" అన్నాడు. మనం ఏం చెప్తాం. రెండో సగంలో మన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) కేసీ థాంప్సన్ లాక్కొచ్చాడులెండి, ఆ రాత్రి ఆరు టచ్‌డౌన్లు వేశాడు అతను, ఆఖరి నిమిషంలో 49-49 అయింది, పక్కనున్న వాళ్ళంతా ఒకళ్ళనొకళ్ళు కావలించుకుంటున్నారు, నేను కూడా ఎవరో ముక్కూమొహం తెలీనాయన్ని కావలించుకున్నా. ఆవిడ మాత్రం లేవలేదు. బైనాక్యులర్స్ నా చేతికిచ్చి "మన లైన్ చూడు" అన్నారు. చూశా. ప్లేకి ప్లేకి మధ్య మన వాళ్ళు నడుం మీద చేతులు పెట్టుకుని, నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. ఎదుటివాళ్ళు అప్పుడే వచ్చినట్టున్నారు. "అయిపోయింది, స్కోర్‌బోర్డు ఇంకా ఒప్పుకోలేదంతే" అన్నారావిడ.

ఓవర్‌టైమ్‌లో ముందు మనవాళ్ళు టచ్‌డౌన్ కొట్టారు, 56-49. కాన్సస్ కూడా కొట్టింది, 56-55. ఇంకో ఓవర్‌టైమ్‌కి పోకుండా వాళ్ళ కోచ్ లాన్స్ లైపోల్డ్, టచ్‌డౌన్ తర్వాత బంతిని తన్ని తేలిగ్గా తెచ్చుకునే ఒక్క పాయింటు వదిలేసి, ఇంకో ప్లే ఆడితే వచ్చే రెండు పాయింట్లకే వెళ్ళాడు, ఆయనకీ అక్కడ అది మొదటి సీజనే, ధైర్యం చూడండి. బంతి వెళ్ళింది జారెడ్ కేసీ అనే కుర్రాడికి, స్కాలర్‌షిప్ కూడా లేని వాకాన్, కాన్సస్‌లో ప్లెయిన్‌విల్ అనే చిన్న ఊరి పిల్లాడు. పట్టేశాడు. 57-56. తర్వాత ఒక రెస్టారెంట్ చెయిన్ వాళ్ళు ఆ అబ్బాయిని టీవీ యాడ్‌లో కూడా పెట్టారు. మన రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) బిజాన్ రాబిన్సన్‌కి అదే గేమ్‌లో మోచెయ్యి జాయింట్ తప్పి సీజన్ అయిపోయింది, అది వేరే బాధ.

ఇంటికెళ్ళేసరికి వాట్సాప్ గ్రూపులో రచ్చ. మన తెలుగు గ్రూపులో ఫుట్‌బాల్ చూసేది పదిమందే కానీ సలహాలిచ్చేది రెండొందల మంది. క్వార్టర్‌బ్యాక్‌ని మార్చాలని ఒకడు, సార్క్‌ని (సార్కీసియన్‌ని) రేపే తీసేయాలని ఇంకొకడు, ఆ పిల్లాడిని కవర్ చేయని డిఫెండర్‌ని తిడుతూ మూడోవాడు. ఆ సీజన్ మొత్తం గుర్తు చేసుకోండి ఒకసారి. డాలస్‌లో మా చిరకాల ప్రత్యర్థి ఒక్లహోమా మీద మొదటి క్వార్టర్‌కే 28-7 లీడ్, ఓటమి 55-48. ఒక్లహోమా స్టేట్ మీద లీడ్, ఓటమి. బేలర్ మీద లీడ్, ఓటమి. లీడ్ ఎలా వస్తుంది? ముందే రాసుకున్న స్క్రిప్ట్ ప్రకారం నడిచే మొదటి ప్లేలు సార్క్ బాగా రాశాడు కాబట్టి. ఎలా పోతుంది? రెండో సగంలో లావుపాటి వాళ్ళకి ఆయాసం వచ్చింది కాబట్టి. నా దృష్టిలో ఇంతకన్నా విశ్లేషణ అక్కర్లేదు. చివరికి ఆరు వరస ఓటములు, 1956 తర్వాత టెక్సస్‌కి అలా జరగలేదు, సీజన్ 5-7, అంటే ఐదు గెలుపులు, ఏడు ఓటములు.

ప్రెస్‌మీట్లు, ఆవేశాలు అన్నవాళ్ళకి ఒక మాట. కాన్సస్ గేమ్‌కి ముందు వారం అయోవా స్టేట్ చేతిలో 30-7 తిన్నారు. ఆ రాత్రి బస్సులో కొందరు నవ్వుకుంటున్నారని డిఫెన్సివ్ లైన్ కోచ్ బో డేవిస్ బూతులతో కడిగేశాడు, ఎవడో ఫోన్లో తీసి బయటికి వదిలాడు. ఫ్యాన్స్ అందరికీ ఎంత నచ్చేసిందో! హమ్మయ్య, ఒక్కడైనా సీరియస్‌గా తీసుకున్నాడు అని నేను కూడా నాలుగుసార్లు చూశా. ఆ వెంటనే వచ్చిందే కాన్సస్ గేమ్. ఇంక తిట్లతో నమ్మకం వస్తుందో లేదో మీరే లెక్కేసుకోండి.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్నది. ఆ దరిద్రపు సీజన్ అయ్యాక పేపర్లన్నీ ఒహాయో స్టేట్ నుంచి క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ వస్తున్నాడని రాశాయి, తర్వాత వేసవిలో ఆర్చ్ మ్యానింగ్ అన్నాయి, సరే వాళ్ళు హీరోలే. కానీ అదే ఏడాది రిక్రూటింగ్‌లో సార్క్, లైన్ కోచ్ కైల్ ఫ్లడ్ కలిసి ఏడుగురు ఆఫెన్సివ్ లైన్‌మెన్‌ని తెచ్చారు. ఏడుగురు! 5-7 టీమ్‌కి! కొంచెం డబ్బు కూడా పని చేసిందనుకోండి, స్కాలర్‌షిప్ ఉన్న ప్రతి ఆఫెన్సివ్ లైన్‌మన్‌కీ ఏడాదికి 50,000 డాలర్లు ఇస్తామని ఆ డిసెంబర్‌లోనే ఫ్యాన్స్ వైపునుంచి ఒక స్కీమ్ పెట్టారు, పేరు పాన్‌కేక్ ఫ్యాక్టరీ. పేరు వింటే టిఫిన్ సెంటర్‌లా ఉంది కానీ ఎదుటివాణ్ణి వెల్లకిలా పడేయడాన్ని వీళ్ళు పాన్‌కేక్ అంటారు. ఆ ఏడుగురిలో కెల్విన్ బ్యాంక్స్ అనే కుర్రాడు మొదటి ఏడాదే లెఫ్ట్ టాకిల్‌గా దిగాడు, 2024లో లైన్‌మెన్‌కి పెద్ద గౌరవాలైన అవుట్‌ల్యాండ్, లొంబార్డీ అవార్డులు రెండూ కొట్టాడు.

నాకు నమ్మకం వచ్చిన రోజు చెప్తే తిడతారేమో. అది ఓడిన గేమే. 2022 సెప్టెంబర్‌లో అలబామా ఆస్టిన్‌కి వచ్చింది. టీవీ వాళ్ళ పుణ్యమా అని టెక్సస్ ఎండలో పదకొండింటికి గేమ్ పెట్టారు, ఎవరి బుర్రలో పుట్టిందో ఆ ఐడియా, బెంచీ మీద కూర్చుంటే తొడలు కాలిపోయాయి, నీళ్ళ బాటిల్ కోసం లైన్లో నిలబడితే ఒక క్వార్టర్ పోయింది. యూవర్స్ మొదటి క్వార్టర్‌లోనే దెబ్బ తగిలి వెళ్ళిపోయాడు. అయినా ఆఖరి పది సెకన్లున్నప్పుడు అలబామా ఫీల్డ్‌గోల్ కొడితే గానీ ఓడలేదు, 20-19. నాలుగో క్వార్టర్‌లో బైనాక్యులర్స్ అడిగి తీసుకుని చూశా, మనవాళ్ళెవరూ నడుం మీద చేతులు పెట్టలేదు. ఆవిడ "ఊఁ" అన్నారు. ఆవిడ దగ్గర అది పెద్ద మెచ్చుకోలు. నెల తిరక్కుండా ఒక్లహోమాని 49-0 కొడితే ఊరంతా ఊగిపోయింది కానీ నేను పెద్దగా లెక్కేసుకోలేదు, వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ డిలన్ గేబ్రియల్ ఆడనే లేదు ఆ రోజు. రైవల్రీ గేమ్ గెలిస్తే చాలన్న పైనున్న జవాబుకి ఇదే నా సమాధానం. ఆ సంవత్సరం చివరికి అయింది 8-5.

మిగతా జనానికి నమ్మకం వచ్చింది 2023లో, అలబామా వాళ్ళ ఊరు టస్కలూసాలోనే 34-24 గెలిచినప్పుడు. మూడో క్వార్టర్ అయ్యేసరికి 16-13 వెనకబడ్డాం, నాలుగో క్వార్టర్‌లో 21 పాయింట్లు కొట్టాం. ఎవరో పిల్లాడి బర్త్‌డే పార్టీలో ఉన్నాం అప్పుడు, కేక్ కోస్తుంటే నేను మూల కుర్చీలో ఫోన్ పెట్టుకుని కూర్చున్నా, మా ఆయన వచ్చి "లేవవే బాగోదు" అని, ఆయనే పక్కన కూలబడ్డాడు. బ్యాంక్స్, ఆ ఏడుగురిలోనే ఇంకొకడు డీజే క్యాంప్‌బెల్, ఇద్దరూ ఆ లైన్‌లోనే ఉన్నారు, చివర్లో నిమిషాలకి నిమిషాలు బంతి వాళ్ళకివ్వకుండా తొక్కిపట్టారు. ఆ ఏడు బిగ్ 12 గెలిచారు, 2009 తర్వాత మొదటిసారి, ప్లేఆఫ్‌కీ వెళ్ళారు.

ఇది టెక్సస్ డబ్బున్న టీమ్ కాబట్టి కుదిరింది అంటారా? మిషిగన్ చూడండి. 2020లో వాళ్ళ కోచ్ జిమ్ హార్బా 2-4, జీతం సగం కోసి ఉంచుకున్నారు, ఫ్యాన్స్ ఛీ అన్నారు. ఏడాది తిరిగేసరికి ఒహాయో స్టేట్‌ని 42-27 కొట్టాడు, హసన్ హాస్కిన్స్ ఐదు టచ్‌డౌన్లు పరిగెత్తాడు. ఎవరి వెనక పరిగెత్తాడు? దేశంలో బెస్ట్ ఆఫెన్సివ్ లైన్‌కిచ్చే జో మూర్ అవార్డు 2021, 2022 రెండేళ్ళూ మిషిగన్‌కే వచ్చింది. ఇంకేం ఋజువు కావాలి.

అటు నెబ్రాస్కా వాళ్ళు కోచ్ స్కాట్ ఫ్రాస్ట్‌ని ప్రేమతో మోశారు, సొంత రాష్ట్రం పిల్లాడు, 1997లో టీమ్‌ని ఛాంపియన్ చేసిన క్వార్టర్‌బ్యాక్. ఎనిమిది పాయింట్లు, అంతకన్నా తక్కువ తేడాతో తేలిన గేముల్లో 5 గెలిచి 22 ఓడాడు. ప్రేమ నాలుగో క్వార్టర్‌లో బ్లాక్ చేయదు కదండీ. అక్టోబర్ 1 దాకా ఆగితే బయౌట్ (పంపించేసినందుకు ఇవ్వాల్సిన డబ్బు) సగానికి సగం తగ్గేది, అదీ ఆగలేక 2022 సెప్టెంబర్‌లోనే పంపేశారు. అంతకన్నా ఘోరం మా పొరుగున టెక్సస్ ఏ అండ్ ఎం, కోచ్ జింబో ఫిషర్‌ని వదిలించుకోవడానికి ఏడున్నర కోట్ల డాలర్లకి పైగా ఒప్పుకున్నారు. పని మానేసినందుకు! మేం లేఆఫ్ అయితే రెండు నెలల జీతం ఇచ్చి ఐడీ కార్డు లాక్కుంటారు. జింబో కూడా 2022లో దేశంలోనే నంబర్ వన్ క్లాస్ (ఆ ఏడాది చేర్చుకున్న కుర్రాళ్ళ బ్యాచ్) తెచ్చాడు కదా, నీ థియరీ ఏమైంది అని ఎవరో ఒకరు కామెంట్ పెడతారు, ముందే చెప్పేస్తున్నా, అందులో పేరున్న లావుపాటి వాళ్ళు ఎక్కువమంది డిఫెన్స్ వైపు. అది లెక్కలోకి రాదు.

ఒక్కటే ఇబ్బంది, లైన్‌మెన్ పండటానికి రెండేళ్ళు పడుతుంది. ఇప్పుడంత ఓపిక ఎవరికుంది? 3-9 ఇండియానాని కొత్త కోచ్ కర్ట్ సిగ్నెటీ ఒక్క ఏడాదిలో 11-2 చేసినప్పటినుంచి ప్రతి ఊళ్ళో ఫ్యాన్స్ "మనకెందుకు కాదు" అని అక్టోబర్‌కల్లా కోచ్ ఇంటి ముందు బోర్డులు పెట్టే స్టేజ్‌కి వచ్చారు. ఆయన పాత టీమ్ నుంచి ఎంతమందిని వెంట తెచ్చుకున్నాడో ఎవరూ చూడరు.

మీరు అడిగిన ప్రశ్నలో టీమ్ పేరు రాయలేదు. రాస్తే వాళ్ళు ఈసారి ఎంతమంది లైన్‌మెన్‌ని సైన్ చేశారో చూసి ఇంకా ఎన్నాళ్ళు ఓపిక పట్టాలో చెప్తా. ఒక్లహోమా అయితే మాత్రం అడగొద్దు, వాళ్ళకి నమ్మకం రాకపోవడమే మాకు కావాలి.