పోర్చుగల్‌లో నీటి మొక్కలతో బుట్టలు, చాపలు ఎలా అల్లుతారు?

ప్రధానంగా మూడు మొక్కలు వాడతారు: జుంకు, బూన్యు, టబూవ. జుంకు సన్నని గుండ్రటి కాడలుండే గడ్డిలాంటి మొక్క, బూన్యు మన తుంగ కుటుంబానిదే, టబూవ అంటే మన జమ్ము జాతిదే. ఈ మొక్కల లోపల గాలి గదులున్న మెత్తని గుజ్జు ఉంటుంది. అందుకే అల్లినది తేలికగా, కూర్చుంటే మెత్తగా ఉంటుంది.

కోసిన కాడలను ఎండబెట్టి, అల్లే ముందు మళ్లీ తడుపుతారు, లేకపోతే వంచగానే విరుగుతాయి. ఉత్తరాన ఎస్పొసెండ ప్రాంతంలోని ఫొర్జాయిష్ గ్రామపు పద్ధతి నాకు అన్నిటికన్నా అద్భుతంగా తోస్తుంది. అక్కడ బుట్టను చేత్తో చుట్టూ తిప్పి అల్లరు. చెక్క మగ్గం మీద పడుగుగా దారం, పేకగా జుంకు వేసి ముందు చాపలా నేస్తారు. రంగు అద్దిన కాడలతో చారలు తెస్తారు. తర్వాత దాన్ని మడిచి, పక్కలు కుట్టి, పిడులు బిగిస్తారు. అంటే బుట్ట కూడా మొదట చాపే!