పొగాకు బ్యారన్‌ను ఇల్లు చేసుకుంటే డబ్బు మిగులుతుందా?

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె. మా మామగారికి రెండెకరాల పొలం, అందులో పక్కపక్కనే రెండు పొగాకు బ్యారన్లు, అంటే ఆకును పొయ్యి వేడితో ఆరబెట్టే గదులు, ఉన్నాయి. ఒక్కొక్కటి 16 అడుగుల చదరం. ఆకు ఆరబెట్టడం ఆపేసి ఆరేళ్లయింది. మా ఆయనకు ఒంగోలులో ఉద్యోగం, జీతం 46,000. ఇద్దరు పిల్లలు. ఇంటద్దె 8,500. బ్యాంకులో 9 లక్షల డిపాజిట్లు ఉన్నాయి. రెండు బ్యారన్లనూ కలిపి ఇల్లుగా మార్చడానికి మేస్త్రి 11 లక్షలు చెప్పాడు. డిపాజిట్లన్నీ తీసేసి, తక్కువపడిన 2 లక్షలకు నా బంగారం మీద పంట రుణం తెస్తే 4 శాతం వడ్డీయే కదా అంటున్నాడు మా మరిది. అలా చేయవచ్చా?

జవాబు: వద్దమ్మా. ఇల్లు వద్దని కాదు, మీ మరిది చెప్పిన దారి వద్దంటున్నాను.

పంట రుణానికి అసలు వడ్డీ 7 శాతం. గడువులోపు కట్టినవాళ్లకు ప్రభుత్వం 3 శాతం తగ్గిస్తుంది కాబట్టి 4 అవుతుంది. పంట చేతికొచ్చాక కట్టేస్తారన్న లెక్కతో ఇచ్చే అప్పు అది. ఇంట్లోంచి ఏడాది తిరిగేసరికి 2 లక్షలు ఎలా వస్తాయి? గడువు దాటితే రాయితీ పోతుంది. తిరగరాయించుకుంటూ పోయి, చివరికి నగలు వేలం దాకా వచ్చిన ఇళ్లను నేను చూశాను. మీ ఇంట్లో అలా జరగకూడదు.

ఇప్పుడు మేస్త్రి లెక్క చూద్దాం. గోడలు ఎలాగూ ఉన్నాయి కాబట్టి ఖర్చు తగ్గుతుందని అనుకుంటున్నారు. బ్యారన్ కట్టింది వేడి బయటికి పోకుండా. కిటికీలు లేని ఎత్తైన గోడలు, మట్టి నేల, పైన రేకులు. కిటికీలకు, రెండిటినీ కలిపే దారికి గోడ పగలగొడితే పైన బరువు మోసే కాంక్రీటు దిమ్మె (లింటెల్) వేయాలి. ఇటుకల మధ్య ఉన్నది సిమెంటా, మట్టా? మట్టి అయితే ఆ గోడలు స్లాబు మోయవు. ఏళ్లపాటు పట్టిన మసి, ఆకు వాసన సున్నం కొడితే పోవు, లోపలంతా చెక్కించి మళ్లీ పూత వేయించాలి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని పగలగొట్టనివ్వకండి, తడిపి జాగ్రత్తగా దింపించండి, పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి. సెప్టిక్ ట్యాంకు, మంచినీళ్లు, కరెంటు మేస్త్రి లెక్కలో ఉన్నాయేమో అడగండి. మోటారు సర్వీసు నుంచి ఇంటికి తీగ లాగితే జరిమానా పడుతుంది, ఇంటి మీటరు విడిగా తీసుకోవాల్సిందే.

ఇవన్నీ కలిస్తే 14 లక్షల లోపు తేలదని నా అంచనా. రెండు బ్యారన్లూ కలిపి 512 చదరపు అడుగులు, అంటే అడుగుకు 2,700 పైనే. అదే కొలతలతో పక్కన కొత్త పునాది మీద ఇల్లు కడితే ఎంతవుతుందో అదే మేస్త్రిని అడగండి. పెద్ద తేడా ఉండదు. కాబట్టి రెండు మూడు వేలు ఇచ్చయినా ఒక సివిల్ ఇంజినీరుకు గోడలు చూపించండి. మట్టి గోడలైతే విప్పించి, ఆ ఇటుకలు కొత్త ఇంటికి వాడుకోండి. మామగారు రాత్రుళ్లు మేలుకుని పొయ్యి చూసుకున్న బ్యారన్ విప్పడం మీ ఆయనకు కష్టంగా ఉంటుందని తెలుసు. అయినా ముఖ్యం పిల్లలు భయం లేకుండా పడుకునే ఇల్లు.

అన్నిటికంటే నాకు టెన్షన్‌గా ఉన్నది కాగితాల సంగతి. పొలం మామగారి పేరున ఉంది. మీ తొమ్మిదేళ్ల పొదుపో, పదేళ్ల పొదుపో వేరొకరి పేరున ఉన్న నేల మీద పోస్తున్నారు. అది ఆయన స్వార్జితమా, పిత్రార్జితమా? పిత్రార్జితమైతే మీ మరిదికీ, ఆడపడుచులుంటే వాళ్లకూ వాటా ఉంటుంది. అందరూ సఖ్యంగా ఉన్న ఇప్పుడే, ఇంటికి కావలసిన నాలుగైదు సెంట్లు మీ ఇద్దరి పేర్న రిజిస్టరు చేయించుకోండి. పిత్రార్జితమైతే వాళ్ల సంతకాలు కూడా ఉండాలి. ఆ ముక్కకు మాత్రమే ఇంటికి పంచాయతీ ప్లాను అనుమతి తీసుకోండి. రెండెకరాలూ ఇంటి స్థలంగా చూపించకండి. ఫీజు పెరగడమే కాదు, పల్లెలోని సాగుభూమి అమ్మితే ఆదాయపు పన్ను పడదన్న లాభం కూడా పోతుంది.

ఈ కాగితాలుంటేనే బ్యాంకు గృహరుణం ఇస్తుంది. డిపాజిట్లలో 2.5 లక్షలు కదపకండి, అవి జబ్బుకో, ఉద్యోగం పోతేనో ఆదుకునే డబ్బు. మిగతా 6.5 లక్షలకు 8 లక్షల రుణం కలిపితే 14.5 అవుతుంది. 8.5 శాతం వడ్డీకి 15 ఏళ్లంటే నెలకు సుమారు 7,880 వాయిదా. అద్దె కంటే తక్కువే, కానీ రోజూ ఒంగోలు వెళ్లిరావడానికి నెలకు 3,000 పెట్రోలు అనుకుంటే ఇప్పటికంటే 2,380 ఎక్కువ పడుతుంది. పిల్లల బడి బస్సు దీనికి అదనం. మీ జీతానికి భరించదగ్గదే. ఇంటి రుణంతో పన్ను కలిసొస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి, కొత్త పన్ను విధానంలో మీ ఆయన జీతానికి అసలు పన్నే లేదు.

ఇంకొక్క విషయం. బ్యారన్ లైసెన్సు మామగారి పేరున ఇంకా ఉంటే, గోడ మీద గునపం వేయకముందే పొగాకు బోర్డు ఆఫీసుకు వెళ్లి దాని సంగతి అడిగి రమ్మనండి. ఇంజినీరు చూసి వెళ్లాక ఆయన ఇచ్చిన అంకెలతో మళ్లీ రాయండి. రుణం ఎంత తీసుకోవాలో అప్పుడు కచ్చితంగా చెబుతాను.