నమాజు పెరిగింది, నోరు తగ్గలేదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. నమాజు, రోజా (ఉపవాసం) ఒకవైపు, మనుషులతో మనం నడుచుకునే తీరు ఇంకోవైపు, ఈ రెండింటికీ మధ్య ఎందుకింత దూరం అని. కొన్నింటికి పొడుగ్గా రాశాను, కొన్నింటికి రెండు ముక్కల్లో చెప్పేశాను.

ప్రశ్న: కొంతకాలంగా ఐదు పూటలా నమాజు వదలకుండా చదువుతున్నాను. కానీ అంతకుముందు లేని చిరాకు ఇప్పుడు వస్తోంది. మా తమ్ముడు తెల్లవారుజామున చదివే ఫజర్‌కి లేవకపోతే ఒళ్లు మండుతుంది, గట్టిగా అనేస్తాను. "నమాజు మొదలుపెట్టాక నీకు పొగరెక్కింది" అంటోంది అమ్మ. మంచి చెప్పడం కూడా పొగరేనా?

జవాబు: మంచి చెప్పడం పొగరు కాదు. అలాగని మీ అమ్మగారి మాటను కొట్టిపారేయకండి. మీరు చెప్పే విషయం ఆవిడకూ తెలుసు, చెప్పేటప్పుడు మీ మొహం ఎలా ఉంటోందో అది మీకు కనబడదు, ఆవిడకు కనబడుతోంది.

ఆరాధన వల్ల వచ్చే గర్వాన్ని పట్టుకోవడం చాలా కష్టం. డబ్బు చూసుకుని మిడిసిపడేవాడికి ఏదో ఒక రోజు తన సంగతి తనకే తెలుస్తుంది, నమాజు చూసుకుని మిడిసిపడేవాడు మాత్రం దాన్ని ధర్మం మీద పట్టుదల అనుకుని ఇంకా పెంచుకుంటూ పోతాడు. అహంకారం గురించి వివరంగా రాసిన ఇస్లామీ పండితుడు ఇమామ్ గజాలీ, ఈ జబ్బు తొందరగా అంటుకునేవాళ్లలో పండితులనూ ఆరాధకులనూ చేర్చారు. ఊరికే అనలేదాయన. బాగ్దాద్‌లో నిజామియ్యా విద్యాలయంలో అంత పెద్ద పదవిలో ఉండి, తన బోధన వెనక అసలు ఉద్దేశం పేరు సంపాదించడమేనని అర్థమై 1095లో అన్నీ వదిలేసి వెళ్లిపోయానని స్వయంగా రాసుకున్నారు.

ఇబ్లీస్ (షైతాన్) సంగతి చూడండి. వాడు దేవుడు లేడని అనలేదు, నేరుగా దేవుడితోనే మాట్లాడాడు కూడా. మొదటి మనిషి ఆదం ముందు సజ్దా (సాష్టాంగం) చేయమంటే "నేను అతనికంటే మేలైనవాణ్ణి" అన్నాడు (ఖుర్ఆన్ 7:12). ఆ ఒక్క మాటతో పోయాడు. తమ్ముడు దుప్పటి ముసుగేసుకుని పడుకున్నప్పుడు మీ మనసులో ఈ మాట ఏ మూలనైనా ఉందేమో మీరే చూసుకోవాలి, బయటివాళ్లం చెప్పలేం.

ఇమామ్ ముస్లిం సేకరించిన హదీసు (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనాల) గ్రంథంలో ఒక ఉదంతం ఉంది. ఒకతను ఇంకొకడి గురించి "అల్లాహ్ సాక్షిగా, వీణ్ణి అల్లాహ్ క్షమించడు" అన్నాడట. అప్పుడు అల్లాహ్, నేను ఫలానావాణ్ణి క్షమించనని నా తరఫున ప్రమాణం చేయడానికి ఇతనెవరు, వాణ్ణి నేను క్షమించేశాను, ఇతని కర్మలను వృథా చేశాను అన్నాడు. చదివినప్పుడల్లా భయం వేసే హదీసు ఇది. అంత మాట అన్నవాడి ఉద్దేశం బహుశా మంచిదే అయి ఉంటుంది, అదీ భయం.

మరి ఎలా చెప్పాలి? ఒక పల్లె అరబ్బు మస్జిద్‌లోకి వచ్చి మూత్రం పోస్తుంటే సహాబాలు (ప్రవక్త సహచరులు) అరుస్తూ లేచారు. దైవప్రవక్త (స) వాళ్లను ఆపి, అతన్ని మధ్యలో ఆపవద్దని చెప్పి, పని అయ్యాక అక్కడ ఒక బొక్కెన నీళ్లు పోయించి, తర్వాత నెమ్మదిగా అతనికి నచ్చజెప్పారు. మస్జిద్‌లో జరిగినదానికే అంత నెమ్మది! దౌర్జన్యపు రాజు ఫిర్ఔన్ దగ్గరికి ప్రవక్తలు మూసా, హారూన్‌లను పంపుతూ కూడా అల్లాహ్ "అతనితో మెత్తగా మాట్లాడండి" అన్నాడు (20:44). మీ తమ్ముడు ఫిర్ఔన్ కంటే చెడ్డవాడు కాడు, మీరు మూసా కంటే గొప్పవారూ కారు.

ఇంకో ఆయత్ (ఖుర్ఆన్ వాక్యం) ఉంది. ఇంటివాళ్లకు నమాజు చెప్పమంటూనే, నువ్వూ దాని మీద ఓపికగా నిలబడమంటుంది (20:132). చెప్పడం ఎంత ముఖ్యమో ఓపిక కూడా అంతే ముఖ్యమన్నమాట. కాబట్టి ఫజర్‌కి ఒకసారి లేపండి, మహా అయితే రెండోసారి. తలుపు దగ్గర నిలబడి ఉపన్యాసం వద్దు. ఆ కోపాన్నంతా ఇంటి పనిలో పెట్టండి. దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివాళ్ల పనుల్లో ఉండేవారు, నమాజు వేళ కాగానే వెళ్లేవారు అని ఆయన భార్య హజ్రత్ ఆయిషా (ర) చెప్పారు. మీరు నమాజు మొదలుపెట్టాక ఈ ఇంట్లో తన పని తేలికైందని మీ తమ్ముడికి అనిపిస్తే, మీరు చెప్పేది వినడానికి అతనికి ఒక కారణం దొరుకుతుంది.

ప్రశ్న: మంచి బట్టలు, మంచి చెప్పులు వేసుకోవడం నాకిష్టం. ఇది అహంకారం కిందికి వస్తుందని ఒకాయన అన్నారు. నిజమా?

జవాబు: రాదు. సరిగ్గా ఇదే ప్రశ్న దైవప్రవక్త (స)ను అడిగారు. హృదయంలో అణువంత అహంకారం ఉన్నా స్వర్గంలో అడుగుపెట్టలేరని ఆయన చెప్పినప్పుడు, ఒకతను కంగారుపడి, మనిషికి మంచి బట్టలు, మంచి చెప్పులు ఇష్టం ఉంటుంది కదా అన్నాడు. అల్లాహ్ అందమైనవాడు, అందాన్ని ప్రేమిస్తాడు, అహంకారమంటే సత్యాన్ని తిరస్కరించడం, మనుషులను చులకనగా చూడడం అని జవాబు వచ్చింది. మాసిన చొక్కా వేసుకుని అందరినీ చిన్నచూపు చూసేవాళ్లు కూడా ఉంటారు. మీకు చెప్పిన ఆయన గురించి నేనేమీ అనడం లేదు లెండి.

ప్రశ్న: మేం కొందరం కలిసి పేదలకు సాయం చేస్తుంటాం. ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెడితే ఇంకొందరికి ప్రేరణ కలుగుతుందని మావాళ్లు అంటారు. నాకేమో ఇబ్బందిగా ఉంది.

జవాబు: మీవాళ్ల మాటలో కొంత నిజం ఉంది. దానం బయటికి తెలిసేలా చేసినా మంచిదే, రహస్యంగా పేదలకు ఇస్తే ఇంకా మంచిది అని ఖుర్ఆన్ చెబుతుంది (2:271). కాబట్టి పనిని చూపించండి, సరుకుల మూటలు చూపించండి, ఎంత వసూలైంది, ఎంత ఖర్చయింది అనే లెక్క తప్పకుండా చూపించండి. తీసుకునేవాళ్ల మొహం మాత్రం వద్దు. చేసిన మేలు ఎత్తిపొడిచి, మనసు నొప్పించి మీ దానాలను వృథా చేసుకోకండి అని కూడా అక్కడే ఉంది (2:264). నలుగురి ముందు చేయి చాచినట్టు ఫొటోలో మిగిలిపోవడం నొప్పి కాదా? ఆ ఫొటో రేపు వాళ్ల పిల్లల స్నేహితుల ఫోన్లోకీ వెళ్తుంది.

ప్రశ్న: ఆఫీసులో ఎవరితోనూ గొడవ పడను, అణిగిమణిగి ఉంటాను. నేను చేసిన పనిని వేరేవాళ్లు తమదిగా చెప్పుకుంటున్నారు, నాది కాని పని నా నెత్తిన పడుతోంది. పెద్దలేమో సబర్ (ఓర్పు) చేయమంటారు. వినయం అంటే ఇదేనా? టెన్షన్‌తో నిద్ర కూడా పట్టడం లేదు.

జవాబు: కాదండీ. మీరు రాసినదంతా చదివితే నాకు వినయం కంటే భయమే ఎక్కువ కనిపించింది. భయపడడం తప్పని అనను, ఉద్యోగం పోతే ఎలా అనే దిగులు ఎవరికైనా ఉంటుంది, కానీ దానికి వినయం అని పేరు పెడితే రెండూ పాడవుతాయి.

తమకు అన్యాయం జరిగినప్పుడు ఎదుర్కొనేవాళ్లను ఖుర్ఆన్ విశ్వాసుల లక్షణాల్లోనే చెప్పింది (42:39). ఆ వెంటనే, కీడుకు బదులు అంతే కీడు, అయితే ఎవరు క్షమించి సర్దుకుంటారో వాళ్ల ప్రతిఫలం అల్లాహ్ దగ్గర ఉంది అంటుంది. ఈ వరస నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. ముందు మీకు హక్కు ఉందని ఒప్పుకుని, ఆ తర్వాతే క్షమాపణ గొప్పదని చెబుతోంది. అడిగే శక్తి లేక ఊరుకున్నవాడికీ, అడగగలిగి ఉండి వదిలేసినవాడికీ తేడా లేదా? మక్కా విజయం రోజున, హిజ్రీ 8లో, అంటే 630లో, తనను ఊరి నుంచి తరిమిన వాళ్ల మధ్యకు దైవప్రవక్త (స) పెద్ద సైన్యంతో వచ్చారు. ఒంటె మీద తల వంచుకుని ప్రవేశించారని చరిత్రకారులు రాశారు. ఏ శిక్షయినా వేయగల రోజున వంచిన తల అది.

ఇంకో సంఘటన మీ ఆఫీసుకు బాగా పనికొస్తుంది. ఒకతనికి దైవప్రవక్త (స) ఒక ఒంటె బాకీ ఉన్నారు. అతను వచ్చి చాలా దురుసుగా అడిగాడు. సహాబాలు అతని మీదికి వెళ్లబోతే, వదిలేయండి, హక్కు ఉన్నవాడికి మాట్లాడే అధికారం ఉంది అన్నారు ఆయన. ఆ వయసు ఒంటె దొరకక, అంతకంటే మంచిదే కొని ఇప్పించారు. అధికారం ఉన్నవాళ్లు హక్కుదారుడి గొంతును భరించాలి. సబర్ చేయమనే పెద్దలు ఈ మాట మీ పైవాళ్లకు కూడా చెబితే బాగుంటుంది, ఎందుకో సబర్ ఎప్పుడూ కిందివాళ్లకే చెబుతారు.

కాబట్టి అడగండి. ఎగతాళి, అరుపులు, చాటుమాటు మాటలు లేకుండా, ఏ పని మీరు ఎప్పుడు చేశారో రాసిపెట్టుకుని, మెయిల్‌లో మర్యాదగా. గొంతు తగ్గించమని జ్ఞాని లుఖ్మాన్ తన కొడుక్కి చెప్పారు (31:19), నోరు మూసుకోమని చెప్పలేదు. ఇక నిద్ర అసలే పట్టకపోతే డాక్టరుకు చూపించుకోండి, వైద్యం చేయించుకోవడం విశ్వాసానికి లోటేమీ కాదు.

ప్రశ్న: మస్జిద్‌లో ఉన్నంతసేపు మనసు నిండుగా ఉంటుంది, బయటికొచ్చి గంట గడిస్తే అదే ఫోను, అవే కబుర్లు. నేను మునాఫిక్‌నేమో అని, అంటే పైకి మాత్రమే విశ్వాసిలా నటించే కపటినేమో అని భయంగా ఉంది.

జవాబు: మీకంటే ముందు హంజలా (ర) అనే సహాబీకి ఇదే భయం వేసింది. ఆయన దైవప్రవక్త (స)కు లేఖకుల్లో ఒకరు. దారిలో అబూబక్ర్ (ర) కనిపిస్తే "హంజలా మునాఫిక్ అయిపోయాడు" అన్నారు. ఏమైందంటే, దైవప్రవక్త (స) దగ్గర ఉన్నప్పుడు స్వర్గనరకాలు కళ్లముందు ఉన్నట్టుంటుంది, ఇంటికి వెళ్లి భార్యాపిల్లల్లో పడగానే చాలావరకు మర్చిపోతున్నాం అన్నారు. అబూబక్ర్ (ర) ఓదార్చలేదు, నాకూ అలాగే ఉంటోంది అన్నారు! ఇద్దరూ కలిసి వెళ్లి అడిగారు. నా దగ్గర ఉన్నట్టే మీరెప్పుడూ ఉంటే దైవదూతలు మీ పడకల దగ్గర, దారుల్లో మీతో కరచాలనం చేసేవాళ్లు, కానీ హంజలా, ఒక ఘడియ అలా, ఒక ఘడియ ఇలా, అని దైవప్రవక్త (స) మూడుసార్లు చెప్పారు.

అబూబక్ర్ అంతటి మనిషికే మనసు ఎక్కుతూ దిగుతూ ఉంటే మనమెంత. నిజమైన మునాఫిక్‌కి ఈ భయం ఉండదు. అయితే ఫోను సంగతి వేరే, దాన్ని ఈ హదీసు చాటున దాచకండి. కొద్దిగానైనా రోజూ తప్పకుండా చేసే పనే అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమని హదీసు ఉంది కాబట్టి, రాత్రి నమాజు ఇషా తర్వాత ఒక్క పేజీ ఖుర్ఆన్ అర్థంతో చదవండి. మొదటి వారమే పది పేజీలు పెట్టుకోకండి, నిలబడదు.

ప్రశ్న: నేనూ నా స్నేహితురాలూ మా బంధువు ఒకావిడ గురించి చాలా మాట్లాడుకున్నాం. అన్నీ నిజాలే, ఒక్క అబద్ధం లేదు. ఇప్పుడు బాధగా ఉంది. ఆమెకు ఫోన్ చేసి చెప్పేసి క్షమాపణ అడగాలా?

జవాబు: నిజాలే కాబట్టి అది గీబత్ (వెనకాల చెడు చెప్పుకోవడం) అయింది. అబద్ధాలైతే నిందారోపణ అయ్యేది, అది ఇంకా పెద్దది. హదీసులో ఉన్న విభజనే ఇది. చచ్చిపోయిన సోదరుడి మాంసం తినడంతో ఖుర్ఆన్ దీన్ని పోల్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది (49:12).

ఫోన్ విషయంలో పండితుల్లో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. తోటి మనిషి హక్కు కాబట్టి అడిగి తీరాలని చాలామంది అంటారు. ఆమెకు అసలు తెలియనప్పుడు చెప్పడం వల్ల కొత్త గాయం, కొత్త పగ పుడతాయి, దానికి బదులు ఆమె కోసం దుఆ (ప్రార్థన) చేసి, ఎక్కడ చెడుగా మాట్లాడారో అక్కడే మంచిగా మాట్లాడాలని ఇబ్ను తైమియ్యా వంటివారు అంటారు. మీ ఉత్తరంలో ఆమెకు తెలియదని రాశారు కాబట్టి నేను రెండోదాని వైపే మొగ్గుతాను. మీ స్నేహితురాలికి ఫోన్ చేయండి. "మనం అలా మాట్లాడుకుని ఉండకూడదు, ఆవిడలో ఈ మంచి కూడా ఉంది" అని చెప్పండి. ఇబ్బందిగా ఉంటుంది, ఉండనివ్వండి.

ఒక మినహాయింపు చెప్పాలి, లేకపోతే ఆడపిల్లల పెళ్లి సంబంధాల్లో కూడా "గీబత్ అవుతుంది" అని నిజాలు దాచేస్తున్నారు. ఫాతిమా బిన్త్ ఖైస్ (ర) తనను ఇద్దరు పెళ్లికి అడిగారని సలహా కోరితే, ఒకతనికి ఆస్తి లేదనీ, ఇంకొకతను భుజం మీది కర్ర దించడనీ, అంటే ఆడవాళ్లను కొట్టే మనిషనీ దైవప్రవక్త (స) సూటిగా చెప్పారు. అడిగినవాళ్లకు, అవసరమైనంత వరకు, ఉన్నది ఉన్నట్టు చెప్పడం బాధ్యత.

ప్రశ్న: కాస్త చదువుకున్నానని చుట్టుపక్కలవాళ్లు ధర్మ విషయాలు నన్ను అడుగుతుంటారు. తెలియదంటే చిన్నతనంగా ఉంటుంది, ఏదో ఒకటి చెప్పేస్తున్నాను.

జవాబు: ఆపేయండి. మదీనా పండితుడు ఇమామ్ మాలిక్‌ను ఒకసారి 48 ప్రశ్నలు అడిగితే 32 ప్రశ్నలకు "నాకు తెలియదు" అన్నారని ఆయన గురించి రాసినవాళ్లు చెబుతారు. నీకు తెలియనిదాని వెంట పడకు, చెవి, కన్ను, మనసు అన్నింటినీ ప్రశ్నించడం జరుగుతుందని ఖుర్ఆన్ హెచ్చరిక కూడా ఉంది (17:36). వుజూ (నమాజుకు ముందు ముఖం, కాళ్లుచేతులు కడుక్కోవడం), నమాజు లాంటి మీకు ఖాయంగా తెలిసినవి చెప్పండి. తలాక్, ఆస్తి పంపకం, వడ్డీ లావాదేవీలు వస్తే మాత్రం జవాబు ఇవ్వకుండా పండితుడి దగ్గరికి పంపండి, వీలైతే మీరే వెంట వెళ్లండి. ఇప్పటికే తలాక్ విషయంలో ఎవరికైనా ఏదైనా చెప్పి ఉంటే ఈ వారమే వాళ్లను కలిసి, నేను చెప్పింది పట్టించుకోవద్దు, మళ్లీ అడిగి తెలుసుకోండి అని చెప్పండి.