85 వేలు కట్టి 6జీ ఆర్కిటెక్ట్ అయిపోవచ్చా?

కనిగిరి దగ్గర పల్లె నుంచి ఒక అన్న పెద్ద మెసేజే పెట్టాడు. ఆయనకి ఊళ్లో కేబుల్ టీవీ, దాంతో పాటు ఫైబర్ ఇంటర్నెట్ కనెక్షన్లు ఒక నాలుగొందల దాకా ఉండాయంట. పాప ఒంగోల్లో ఈసీఈ మూడో సంవత్సరం. బంధువులేమో "ఈసీఈకి ఉద్యోగాలు యాడుండాయి, జావా నేర్పించి సాఫ్ట్‌వేర్లో పడేయి" అంటున్నారు, పాపేమో టెలికాంలోకే పోతానంటుంది. ఈలోపల హైదరాబాద్ నుంచి ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఫోన్ చేసి "5జీ-6జీ నెట్‌వర్క్ ఆర్కిటెక్ట్ కోర్సు, నాలుగు నెలలు, 85 వేలు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ" అన్నారంట. కట్టమంటారా, కట్టి నేర్చుకునేలోపు 6జీ వచ్చి ఇదంతా పాతబడిపోతే ఏంది పరిస్థితి, అసలు ఆడపిల్ల టవర్లెక్కే పనికి పోవడం ఏంది అని ఆయన అడిగేది.

కట్టొద్దన్నా. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది నిదానంగా చదువుకుంటారు.

నేనూ ఇట్టాంటి కోర్సుకి కట్టినోడినే. 2010లో 3జీ ప్రొటోకాల్ టెస్టింగ్ అని చెప్పి చేర్చుకున్నారు, మా నాయన పొగాకు అమ్మిన డబ్బుల్లోంచి తీసిచ్చాడు, తీరా ఆ "గ్యారంటీ" ఉద్యోగం ఏందయ్యా అంటే డ్రైవ్ టెస్ట్. కారు వెనక సీట్లో ఒళ్లో లాప్‌టాప్, దానికి వైర్లతో నాలుగు ఫోన్లు, పైన జీపీఎస్, పొద్దస్తమానం రోడ్డు మీద తిరగతా సిగ్నల్ కొలవడం. పని తప్పేం కాదు, నేను రేడియో గురించి నేర్చుకున్నదంతా ఆ కార్లోనే, కానీ దానికి ఆ కోర్సు అక్కర్లేదు, నాతో పాటు సీట్లో కూర్చున్న పిల్లోడు కోర్సు గీర్సు ఏం చేయకుండానే వచ్చాడు! కాబట్టి గ్యారంటీ అనే మాట వినపడితే ఏ కంపెనీ, ఏ పని, ఎంత జీతం, రాకపోతే డబ్బులు వెనక్కిస్తారా అని కాయితం మీద రాసివ్వమనండి, సగం మంది ఆ తర్వాత ఫోనే చేయరు.

ఇంక ఆ పేరులో 6జీ కూడా తగిలించారు చూడండి, అదైతే నాకు నవ్వొచ్చింది. టెలికాం విషయాలు చూసే ఐక్యరాజ్యసమితి సంస్థ ఐటీయూ 2023లో దానికి ఐఎంటీ-2030 అని పేరు పెట్టి ఏమేం ఉండాలో ఒక చట్రం గీసింది, అంతే. అసలు రూల్స్ రాసేది 3జీపీపీ అనే సంస్థ, అది రిలీజులు రిలీజులుగా రాస్తది. 5జీ మొదలైంది రిలీజ్ 15తో, 2018లో. రిలీజ్ 18 నుంచి 5జీ అడ్వాన్స్‌డ్ అంటున్నారు. 6జీకి రిలీజ్ 20లో స్టడీ, అసలు స్పెసిఫికేషన్ రిలీజ్ 21లో, జనం చేతిలోకి రావడం 2030 అటూ ఇటూ. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రాయని స్పెసిఫికేషన్‌కి ఆర్కిటెక్ట్‌ని ఎట్టా తయారు చేస్తారో వాళ్లకే తెలియాల. పాతబడిపోతదేమో అనే భయం కూడా వద్దు, పాప చదువైపోయి ఉద్యోగంలో కుదురుకునే టైముకి 6జీ వస్తది, దాన్ని నిలబెట్టేది ఈరోజు 5జీ తెలిసినోళ్లే.

సరే, పాప ఏం నేర్చుకోవాల? ఇది మీకు మీ కంట్రోల్ రూమ్ చూపించి చెప్తేనే బాగా అర్థమైతది.

మీ దగ్గర ఓఎల్‌టీ, అంటే ఫైబర్లోకి సిగ్నల్ పంపే మెయిన్ పెట్టె ఉంది, ఆడ్నించి ఫైబరు, మధ్యలో ఒక లైన్ని పంచే స్ప్లిట్టర్, చివర ఇంట్లో బాక్సు. ఒకటికి ఎనిమిది స్ప్లిట్టర్ పెడితే దాదాపు 10 డీబీ (సిగ్నల్ బలం ఎంత తగ్గిందో చెప్పే లెక్క) పోతదని మీకు వేళ్ల మీద లెక్క. బాక్సు దగ్గర పవర్ మీటర్ పెడితే మైనస్ 20 చూపిస్తే బ్రహ్మాండం, మైనస్ 27 దాటితే ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటా కస్టమర్ ఫోన్ చేస్తాడు. పాప కాలేజీలో డీబీ అంటే లాగరిథం అని చదివి మార్కులు తెచ్చుకుంది, మీరేమో రోజూ పోల్ కింద నిలబడి దాంతో బతుకుతున్నారు. 3 డీబీ పోయిందంటే సగం పోయినట్టే అనేది ఫైబర్లో ఎంత నిజమో గాల్లో కూడా అంతే నిజం, మొబైల్ టవర్ వాళ్లు లింక్ బడ్జెట్ అనేది ఆ కూడికలూ తీసివేతలే. ఈ వేసవిలో పాపని ఒక వారం మీతో పాటు స్ప్లైసింగ్‌కి, అంటే ఫైబర్ అతికే పనికి తీసకపోండి, నేను తమాషాకి అనడం లేదు. 5జీ టవర్‌కి ఫైబర్ లేకపోతే ఆ స్పీడంతా టవర్ కాళ్ల దగ్గరే ఆగిపోతది, కాబట్టి ఆ పని తెలిసిన ఇంజనీరుకి ఎప్పుడూ విలువే.

ఇప్పుడు రెండో సంగతి, అసలు మారింది ఇదే. మీ కస్టమర్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొడితే సర్వర్ చెక్ చేసి లోపలికి రానిస్తది కదా, నెల డబ్బులు కట్టకపోతే మీరు సాఫ్ట్‌వేర్లో లాక్ పెడతారు, 50 ఎంబీ ప్యాక్ వాడికి 50 దాటనీయరు. మొబైల్ నెట్‌వర్క్‌లో కోర్ అనేది ఇదే పని కోట్ల మందికి చేసేది. ఒకప్పుడు ఎరిక్సన్, నోకియా, హువావే లాంటోళ్లు దీన్ని బీరువా అంత పెట్టెల్లో అమ్మేవాళ్లు, లోపల ఏముందో వాళ్లకే ఎరుక. 5జీకి వచ్చేసరికి ఆ బీరువాని ముక్కలు చేసేశారు. వాకిట్లో నిలబడి ఎవరొచ్చారో చూసేది ఏఎంఎఫ్, సిమ్ అసలుదా కాదా అని తేల్చేది ఏయూఎస్ఎఫ్, చందాదారుల పుస్తకం యూడీఎం, డేటా సెషన్ కట్టి ఐపీ (నెట్‌లో ఫోన్ అడ్రసు) ఇప్పించేది ఎస్ఎంఎఫ్, మీరు చూసే వీడియో నిజంగా పారేది యూపీఎఫ్ గుండా. ఇవన్నీ మామూలు సర్వర్ల మీద లైనక్స్‌లో నడిచే ప్రోగ్రాములు, యూపీఎఫ్ తప్ప మిగతావి ఒకదాంతో ఒకటి మాట్లాడుకునేది వెబ్‌సైట్లు వాడే హెచ్‌టీటీపీ భాషలోనే! కాబట్టి "టెలికామా సాఫ్ట్‌వేరా" అని మీ బంధువులు కొట్లాడుకునే గొడవకి అర్థం లేదన్నా, టెలికాం సగం సాఫ్ట్‌వేర్ అయి కూర్చుంది.

టవర్ కూడా ముక్కలైంది. పైన యాంటెన్నా దగ్గరుండే రేడియో యూనిట్, దానికి కొద్ది దూరంలో డిస్ట్రిబ్యూటెడ్ యూనిట్, ఇంకా వెనక సెంట్రల్ యూనిట్. ఓపెన్ రాన్ అనేది ఎందుకొచ్చిందంటే ఈ మూడూ మూడు కంపెనీల దగ్గర కొన్నా కలిసి పనిచేయాలని, మధ్యలో ప్లగ్గు అందరికీ ఒకటే ఉండాలని. చెప్పినంత తేలిగ్గా కలవవనుకోండి, అవి కలవకపోవడమే టెస్టింగ్ ఇంజనీర్లకి కూడు పెడతాంది.

ముక్కలు చేస్తే లాభం ఏందని పాపని ఎవరన్నా ఇంటర్వ్యూలో అడిగితే కృష్ణపట్నం పోర్టు లెక్క చెప్పమనండి. ఫైబర్లో కాంతి మిల్లీసెకనుకి సుమారు 200 కిలోమీటర్లు పోతది. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు, పోయి రావడానికే దాదాపు 2 మిల్లీసెకన్లు, ఇంకా మధ్యలో రూటర్లు తినేది వేరే. రేపు పోర్టులో క్రేన్‌ని గదిలో కూర్చుని నడపాలనుకుంటే, వీడియో చెన్నై పోయి వచ్చేదాకా ఆగితే కుదరదు, యూపీఎఫ్ ఒక్కదాన్ని తెచ్చి పోర్టులోనే పెట్టుకుంటారు, మిగతా కోర్ యాడున్నా పర్లేదు. ఎడ్జ్ అనేది ఇదే. పాత బీరువా అయితే సగం కోసి తెచ్చేదానికి ఉండేది కాదు. ఒకే నెట్‌వర్క్‌ని క్రేన్‌కి ఒక వాటా, కెమెరాలకి ఒక వాటా అని పంచడాన్ని స్లైసింగ్ అంటారు, దానికి 5జీ కోర్ కావాల. ఇంకో ఇంటర్వ్యూ ప్రశ్న కూడా ఈడే చెప్తా: 2022 అక్టోబర్ 1న మన దేశంలో 5జీ మొదలైనప్పుడు జియో కొత్త కోర్‌తో వచ్చింది, దాన్ని స్టాండలోన్ అంటారు, ఎయిర్‌టెల్ పాత 4జీ కోర్ మీదే 5జీ రేడియో తగిలించి మొదలుపెట్టింది, అది నాన్ స్టాండలోన్. తేడా తెలియని 5జీ సర్టిఫికెట్లు నేను చాలా చూశా.

పాపకి ఉండాల్సింది ఒక 16 జీబీ ర్యామ్ లాప్‌టాప్, అందులో ఉబుంటు. ఓపెన్5జీఎస్ అని 5జీ కోర్ మొత్తం ఫ్రీగా దొరుకుతది, యూఈరాన్‌సిమ్ అని ఉంది, అది టవర్‌లాగా, ఫోన్‌లాగా నటిస్తది. రెండూ ఇన్‌స్టాల్ చేసి, పక్కన నెట్‌వర్క్‌లో పోయే మెసేజీలు చూపించే వైర్‌షార్క్ తెరిచి పెట్టుకుంటే ఫోన్ ఆన్ చేసిన క్షణం నుంచి ఏం జరిగేది లైను లైనుగా కనపడతది. పోయినేడు ఇందుకూరుపేట నుంచి వచ్చే ఒక అమ్మాయి చేత నా ఆఫీసులోనే చేయించా. మొదటి లైను రిజిస్ట్రేషన్ రిక్వెస్ట్, తర్వాత కోర్ నుంచి ఆథెంటికేషన్ రిక్వెస్ట్ వచ్చింది, ఆ వెంటనే ఫోన్ నుంచి ఆథెంటికేషన్ ఫెయిల్యూర్, కారణం మ్యాక్ ఫెయిల్యూర్, అంటే కోర్ పంపిన రహస్య కోడ్ సరిపోలలేదని. మళ్లీ చేసింది, మళ్లీ అదే. మధ్యాహ్నం అన్నం కూడా తినలా, రెండు రోజులు కొట్టుకుంది, చివరికి చూస్తే సిమ్ రహస్య కీ రెండు చోట్ల టైప్ చేయాలి కదా, అందులో ఒకచోట బీ కొట్టాల్సింది 8 కొట్టింది. అదొక్కటి మార్చగానే రిజిస్ట్రేషన్ యాక్సెప్ట్, ఫోన్‌కి 10.45.0.2 అని ఐపీ, పింగ్ కొడితే, అంటే అవతల ఉన్నావా అని అడిగితే జవాబు. కీ తప్పైతే ఫోనే కోర్‌ని నమ్మదు, దొంగ టవర్లని ఫోన్ పట్టేది ఇట్టాగే అని ఆ పిల్లకి ఇంక జన్మలో ఎవరూ చెప్పాల్సిన పన్లేదు. ఖర్చు ఎంతంటారా, కరెంటు బిల్లు.

దానికి ముందు నెట్‌వర్కింగ్ బేసిక్స్, లైనక్స్ కమాండ్లు, సీ, పైథాన్ రావాల, ప్రోగ్రాముల్ని సర్వర్ల మీద నడిపించే డాకర్, కుబర్నెటీస్ తర్వాత నిదానంగా. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ సార్లు చెప్పే వైర్‌లెస్ కోర్సులు ఫ్రీగా చూడొచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, ప్రాబబిలిటీ బాగా వచ్చి లెక్కలంటే ఇష్టమైతే గేట్ రాసి ఎంటెక్ వైపు చూడమనండి, నెలకి 12,400 స్టైపెండ్ కూడా వస్తది. మోడెమ్ చిప్ లోపల నడిచే అల్గారిథమ్స్ రాసే ఉద్యోగాలకి ఆ లెక్కలు కావాల, జీతాలు బాగుండేది ఆడ. లెక్కలంటే భయమైతే కోర్, క్లౌడ్ వైపు.

ఉద్యోగాలు యాడ అంటే హైదరాబాద్, బెంగళూరు అన్నా, మన జిల్లాల్లో ఉండేవి టవర్ మెయింటెనెన్స్, ఫైబర్ కాంట్రాక్టులే ఎక్కువ, ఉన్నమాట చెప్పాలి కదా. చిప్ కంపెనీలు, నెట్‌వర్క్ పరికరాల కంపెనీలు, ఆపరేటర్లు, ఇంకా మన సొంత సరుకు. బీఎస్ఎన్ఎల్ 4జీ 2025 సెప్టెంబర్ 27న మొదలైంది చూడండి, 97,500 టవర్ల లెక్క, దాంట్లో కోర్ ప్రభుత్వ సంస్థ సీడాట్‌ది, రేడియో తేజస్ నెట్‌వర్క్స్‌ది, కలిపి నిలబెట్టింది టీసీఎస్. సిగ్నల్ గురించి ఎవరేం తిట్టుకున్నా, ఇంతకుముందు మనోళ్లు పరికరాలు కొని బిగించే పని ఎక్కువ చేశారు, ఇప్పుడు లోపల కోడ్ రాసే పని కూడా ఈడ పుడతాంది. శ్రీహరికోట నుంచి 2022 అక్టోబర్లో 36, 2023 మార్చి 26న ఇంకో 36 వన్‌వెబ్ ఉపగ్రహాలు పోయాయి, రెండోసారి పొద్దున తొమ్మిదింటికి మా మిద్దె మీద నిలబడి ఆ పొగ చార చూశా. అవి ఇంటర్నెట్ ఇచ్చే ఉపగ్రహాలు. టవర్ పెట్టలేని చోటికి ఆకాశం నుంచి ఇచ్చే పద్ధతిని 3జీపీపీ రిలీజ్ 17లో 5జీ రూల్స్‌లోకే తెచ్చేసింది, నల్లమల పక్క ఊళ్లోళ్లకి అది ఎందుకో నేను చెప్పక్కర్లేదు.

ఆడపిల్ల టవర్ ఎక్కడం అంటారా, టవర్ ఎక్కేది రిగ్గర్లు, ఇంజనీర్లు కాదు, మగ ఇంజనీర్లయినా నూటికి తొంభై మంది కిందే నిలబడి ఫోటో తీసుకుంటారు. నైట్ షిఫ్టులు మాత్రం ఉంటాయి, నెట్‌వర్క్ చూసే నాక్ సెంటర్లో మొదటి రెండేళ్లు తప్పకపోవచ్చు, సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్లు చేసేదే అర్ధరాత్రి కదా, జనం నిద్రపోయినప్పుడు. క్యాబ్ ఇస్తారా, హాస్టల్ ఎంత దూరం అని అది అడిగి తేల్చుకోండి, దానికోసం పాపని ఆపొద్దు. మొదటి జీతం కూడా జావా పిల్లల కంటే ఎక్కువేం ఉండదు, ఒక్కోసారి తక్కువే, నాలుగైదేళ్లకి తేడా తెలుస్తది, అప్పటిదాకా ఓపిక పట్టేది మీరూ, మాటలు పడేది పాప, అది ఇద్దరూ ముందే మాట్లాడుకోండి.

ఆ 85 వేలల్లో లాప్‌టాప్ కొనండి, మిగిలింది బ్యాంకులో ఉంచండి. సెమిస్టర్ సెలవుల్లో పాపని ఓపెన్5జీఎస్ పెట్టుకోమనండి, పింగ్ వస్తే స్క్రీన్ ఫోటో నాకు పెట్టండి. రాకపోతే వైర్‌షార్క్‌లో ఏ లైను దగ్గర ఆగిందో ఆ ఒక్క లైను పెట్టినా చాలు, మిగతాది ఫోన్లో చూద్దాం.